ఈవేళ బిడ్డ కదిలిందా?

(మహిళా దినోత్సవం సందర్భంగా జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మూడో వరుసలో కుర్చీలో అటూ ఇటూ సర్దుకుంటూ కూర్చున్న ఆ ఇద్దరు నిండు చూలాళ్లకు ప్రత్యేకంగా నమస్కారం. అమ్మా, మధ్యలో లేవాలనిపిస్తే లేవండి, కాసేపు నడవండి, మంచినీళ్లు తాగండి. నేనేమీ అనుకోను. ఈవేళ నేను మాట్లాడబోయేది మీ గురించే.

నాకిచ్చిన అంశం 'మహిళలు - ఆర్థిక స్వావలంబన'. పోయిన ఏడాదీ అదే అంశం. అప్పుడు చెప్పినవి మీరు మరచిపోయి ఉండరు, మరచిపోయి ఉంటే నేను మళ్లీ చెప్పినా లాభం లేదు. అందుకని పెద్దల అనుమతితో అంశం మారుస్తున్నాను. కాన్పుకు ముందు రెండు నెలలు ఆడవాళ్లు ఏయే దిగుళ్లు మోస్తారు, అవి ఎవరితో చెప్పుకుంటారు, చెప్పుకోకపోతే ఏమవుతుంది, ఇదీ నా ఈవేళ్టి మాట.

నెలలు నిండుతున్న మనిషి కనబడితే మనం అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఎన్నో నెల? ఏం తింటున్నావు? పుట్టింటికి ఎప్పుడు వెళ్తున్నావు? మన బ్రాంచీల్లో అయితే ఇంకొకటి: సెలవు ఎప్పటి నుంచి? ఇవన్నీ ప్రేమతో అడిగేవే. కానీ వీటిలో ఒక్కదానికీ ఆ మనిషి లోపలున్న దిగులు జవాబుగా బయటికి రాదు. "భయంగా ఉందా?" అని ఎవరైనా అడిగితే, "అబ్బే, ఏం లేదండీ" అంటాం. నేనూ అలాగే అన్నాను.

2011లో నాకు జార్ఖండ్‌లోని చక్రధర్‌పూర్‌లో పోస్టింగు. పశ్చిమ సింగ్‌భూమ్ జిల్లా, ఆగ్నేయ రైల్వేలో ఒక డివిజన్‌కు కేంద్రం. టాటానగర్ నుంచి రైల్లో 60 కిలోమీటర్ల పైచిలుకు. రైల్వే పనుల కోసం తరాల కిందట వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. వాళ్ల ఇళ్ల మధ్యే ఒక వాటా అద్దెకు తీసుకున్నాను. మావారి ఉద్యోగం విజయవాడలో. నాకు తొలి కాన్పు. ఆనవాయితీ ప్రకారం పుట్టింటికి వెళ్లాలి. కానీ మా నాన్నగారికి పక్షవాతం వచ్చి మంచం మీద ఉన్నారు. అమ్మ ఆయన్ని వదిలి రాలేదు. తొమ్మిదో నెల పడగానే సెలవు పెట్టి మావారి దగ్గరికి వెళ్దామనీ, సెలవంతా బిడ్డ పుట్టాక వాడుకుందామనీ లెక్క వేసుకున్నాను. మనం లెక్కలు బాగా వేస్తాం కదా!

మా పై వాటాలో ఒక వదినగారు ఉండేవారు. ఆవిడ భర్త గూడ్సు బళ్ల మీద గార్డు. డ్యూటీ ఎక్కితే ఎప్పుడొస్తారో ఆయనకే తెలియదు. ఆవిడకి ఏడో నెల. పక్కింట్లో శ్రీకాకుళం వైపు నుంచి కోడలిగా వచ్చిన అమ్మాయి, 22 ఏళ్లుంటాయి. ఆ అమ్మాయికి తొమ్మిదో నెల వచ్చింది. నాకు ఎనిమిదో నెల. సాయంత్రం నేను బ్రాంచి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని మెట్ల మీద కూర్చునేసరికి ఆ ఇద్దరూ వచ్చేవారు. ముగ్గురం మూడు మెట్ల మీద, బరువు ఎక్కువున్నవాళ్లు కింది మెట్టు మీద. వదిన గారి హాస్యం అది.

మొదట్లో మాటలన్నీ పైపైనే. ఎవరికి ఏది తినబుద్ధి అవుతోంది, ఎవరి కాళ్లు ఎంత వాచాయి, రాత్రి ఏ పక్కకి తిరిగి పడుకుంటే నిద్ర పడుతోంది. నాలుగైదు రోజులయ్యాక అసలు మాటలు వచ్చాయి. వాటిని వరసగా చెప్తాను. ఈ హాల్లో ఉన్న అమ్మలందరూ వీటిలో ఏదో ఒకటి తమది అని గుర్తుపడతారు.

నొప్పులు రాత్రిపూట మొదలైతే ఆటో దొరుకుతుందా? అవి నొప్పులని నాకు తెలుస్తుందా, లేక అజీర్తి అనుకుని పడుకుంటానా? ఆపరేషన్ చేస్తామంటే సంతకం ఎవరు పెడతారు? డబ్బు ఎంతవుతుంది? మళ్లీ ఆడపిల్ల అయితే ఇంట్లో ఏమంటారు? పాలు పడతాయా? పసిబిడ్డను వదిలి బ్యాంకుకు వెళ్లాలంటే కాళ్లు ఆడతాయా? నేను చచ్చిపోతే? ఈ చివరి ప్రశ్న ముగ్గురిలోనూ ఉంది. మొదట అన్నది ఆ చిన్నమ్మాయి. అనేసి నాలిక కరుచుకుంది. వదిన ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, "నాకూ ఉందమ్మా ఆ భయం, ఒక్కదానివే ఎందుకు మోస్తావు, ఇలా పంచు" అన్నారు. ముగ్గురం నవ్వాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

తర్వాత ఒక సాయంత్రం ఆ అమ్మాయి తల పట్టుకుని కూర్చుంది. రెండు రోజులుగా తలనొప్పి, కళ్ల ముందు మిణుగురులు ఎగిరినట్టు ఉంటోంది, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుపోయింది. ఇంట్లో చెప్పావా అంటే, "అత్తకి చెప్తే అన్నీ నీకే వస్తాయేటి అంటుందక్కా" అంది. వదిన వెంటనే లేచి వాళ్లింట్లోకి వెళ్లారు. గొడవ పడలేదు. "అత్తమ్మా, మీకు అయిదు కాన్పులు. ఇలా తలనొప్పి, చూపు మసకా మీకెప్పుడైనా వచ్చాయా?" అని అడిగారు. ఆవిడ కాసేపు ఆలోచించి, "నాకు రాలేదు గాని, మా తోడికోడలికి వచ్చిందమ్మా. మూర్ఛ వచ్చి పోయింది" అన్నారు. అంటూనే లేచి చెప్పులు వేసుకున్నారు. గంటలో ఆ అమ్మాయి ఆసుపత్రిలో ఉంది. రక్తపోటు బాగా పెరిగింది. అక్కడే ఉంచి మందులిచ్చి, నాలుగు రోజుల్లో కాన్పు చేశారు. తల్లీ బిడ్డా క్షేమం.

ఆ అత్తగారు చెడ్డమనిషి కాదని నాకు అప్పుడు తెలిసింది. తన అయిదు కాన్పుల్లోనూ ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. అడగాలని ఆవిడకూ తెలియలేదు. అంతే.

ఆ అమ్మాయి కాన్పయ్యాక వదిన ఒక పద్ధతి పెట్టారు. మెట్ల మీద కూర్చోగానే మిగతా కబుర్లకు ముందు ఒకే ప్రశ్న: "ఆఫీసరమ్మా, ఈవేళ బిడ్డ కదిలిందా?" నేను అదే ఆవిణ్ణి తిరిగి అడగాలి. "ఆఁ, కదిలింది" అంటే కుదరదు. ఎప్పుడు కదిలింది, నిన్నటిలాగే ఉందా, తగ్గిందా చెప్పాలి. నాకు అది కొంచెం చాదస్తంగా అనిపించేది. కారణం అడగలేదు.

సెప్టెంబరు 30. మన ఇళ్లలో ఆ తేదీ ఏమిటో చెప్పక్కర్లేదు. అర్ధ సంవత్సరం క్లోజింగు. ఊళ్లో దసరా పందిళ్లు కడుతున్నారు. బ్రాంచిలో మాకు తల ఎత్తే తీరిక లేదు. మధ్యాహ్నం అన్నం తిన్నానో లేదో గుర్తులేదు. ఇంటికి వచ్చేసరికి రాత్రి 8 దాటింది. తిన్నగా పడుకుందామనుకున్నాను. వదిన మెట్ల మీదే కూర్చుని ఉన్నారు. "ఈవేళ బిడ్డ కదిలిందా?"

నోరు తెరిచాను. జవాబు లేదు. పొద్దున స్నానం చేస్తుండగా కదిలినట్టు గుర్తు. ఆ తర్వాత? గుర్తుకు తెచ్చుకుంటే ఏమీ లేదు. "పనిలో పడి గమనించలేదు వదినా. నెలలు నిండేకొద్దీ కదలిక తగ్గుతుందంటారు కదా" అన్నాను. ఆవిడ నన్ను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, పాలు తాగించి, పక్కన కూర్చున్నారు. గంట గడిచింది. ఒక్కసారి, అదీ చాలా నెమ్మదిగా కదిలింది. "రేపు పొద్దున్నే వెళ్దాం వదినా, ఇప్పుడు ఎవరిని లేపుతాం?" అన్నాను.

అప్పుడు చెప్పారు ఆవిడ. తొలి కాన్పులో తనదీ ఇదే మాట. రాత్రి పది గంటలకి కదలిక తెలియలేదు. ఇంట్లో వాళ్లను లేపడానికి మొహమాటపడి తెల్లవారేదాకా ఆగారు. తెల్లవారాక ఆసుపత్రిలో గుండె చప్పుడు వినబడలేదు. ఇది చెప్తూ ఆవిడ ఏడవలేదు. నా చీర కుచ్చిళ్లు సర్ది, "లే అమ్మా" అన్నారు.

ఆ చిన్నమ్మాయి అత్తగారే వీధి చివరి ఆటో మనిషిని నిద్ర లేపారు. ఊళ్లో డాక్టరు చూసి, ఆలస్యం చేయకుండా జంషెడ్‌పూర్ వెళ్లమన్నారు. ఏడు నెలల కడుపుతో వదిన నాతో పాటు బండి ఎక్కారు. వద్దంటే వినలేదు. స్కానింగులో ఉమ్మనీరు బాగా తగ్గిపోయిందని తేలింది. తెల్లవారుజామున ఆపరేషన్. 35 వారాలకే పుట్టిన బిడ్డ, కిలో 900 గ్రాములు. మొదటి వారం రోజులు బిడ్డను గుండెకు ఆనించి కట్టుకుని కూర్చోవడమే నా పని. మావారు మర్నాడు రాత్రికి గానీ చేరుకోలేకపోయారు. అప్పటిదాకా అన్నం క్యారియర్ తెచ్చింది ఆ అత్తగారు. ఇప్పుడు మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఈ హాల్లోనే ఎక్కడో ఫోను చూసుకుంటూ ఉంటుంది.

ఇది నా కథ. దీన్ని ఒక్క మనిషి మంచితనం కింద రాసి ఫైలు మూసేయవచ్చు. కానీ తర్వాత కొన్నేళ్లకు నాకు ఇంకొక సంగతి తెలిసింది. అది కూడా చెప్పాలి.

ఆ ఏడాది ఆగస్టులో పొదుపు సంఘాల ఖాతాల పని మీద దగ్గర్లోని ఒక పల్లెకు వెళ్లాను. చెట్టు కింద ఇరవై మంది ఆడవాళ్లు గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో బొమ్మల అట్టలు. ఒక అట్ట మీద గర్భిణి బొమ్మ. వాళ్లు మాట్లాడేది హో భాష. నాకు ముక్క అర్థం కాలేదు. సంఘంలో హిందీ వచ్చిన అమ్మాయి చెప్పింది: ఒక తల్లి కథ చెప్తారట, ఆ తల్లి బిడ్డ ఎందుకు దక్కలేదో అందరూ ఆలోచిస్తారట. ఒకరు ఒక కారణం చెప్తే, మిగతావాళ్లు "అది ఎందుకు?" అని అడుగుతారట. దానికి జవాబు చెప్తే మళ్లీ "అది ఎందుకు?" బండి దొరకలేదు. ఎందుకు? డబ్బు లేదు. ఎందుకు? ముందుగా దాచుకోలేదు. ఎందుకు? ఎవరూ అనుకోలేదు. నేను అప్పు రిజిస్టరు చూసుకుని వచ్చేశాను. ఆ సమావేశం ఎవరు నడిపేవారో అడగలేదు.

తర్వాత ఎం.బి.ఎ. చేస్తున్నప్పుడు ప్రాజెక్టు కోసం పాత వ్యాసాలు తిరగేస్తుంటే చక్రధర్‌పూర్ పేరు కనబడింది. ఆ ఊళ్లోనే ఉన్న 'ఏక్‌జుట్' అనే సంస్థ పశ్చిమ సింగ్‌భూమ్, సరాయికేలా ఖర్సావా, ఒడిశాలోని కేంఝర్ జిల్లాల్లో చేసిన పని గురించి. 2005 నుంచి 2008 వరకు పల్లె ఆడవాళ్లు నెలకోసారి కూర్చుని, బొమ్మలతో, కథలతో కాన్పు కష్టాల గురించి మాట్లాడుకున్నారు. ఏం చేయాలో వాళ్లే నిర్ణయించుకున్నారు. అలాంటి సమావేశాలు లేని ఊళ్లతో పోల్చి చూశారు. మూడేళ్ల మొత్తం మీద నెలలోపు పసికందుల మరణాలు 32 శాతం తక్కువ. చివరి రెండేళ్లు మాత్రమే చూస్తే 45 శాతం తక్కువ. మూడో ఏడాదిలో తల్లుల్లో ఒక మోస్తరు కుంగుబాటు కూడా 57 శాతం తక్కువ. 2010లో 'లాన్సెట్' పత్రిక దీన్ని ప్రచురించింది.

అంతకుముందు నేపాల్‌లోని మక్వాన్‌పూర్ జిల్లాలో ఇలాంటిదే జరిగింది. అక్కడి ఆడవాళ్లు తల్లీబిడ్డల కోసం చిన్న నిధి పెట్టుకున్నారు. కొండల్లో బండి రాదు కాబట్టి రోగిని మోయడానికి స్ట్రెచర్ ఏర్పాటు చేసుకున్నారు. కాన్పుకు కావలసిన శుభ్రమైన సామగ్రి పొట్లాలు కట్టుకున్నారు. సమావేశాలు లేని చోట్ల వెయ్యి మందికి సుమారు 37 మంది పసికందులు చనిపోతే, ఉన్న చోట్ల 26 మంది. 2004 నాటి లెక్క అది. భారత్, నేపాల్, బంగ్లాదేశ్, మలావీల్లో జరిగిన ఇలాంటి ఏడు అధ్యయనాలను 2013లో కలిపి చూస్తే ఒక సంగతి తేలింది. ఊళ్లోని గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది వచ్చి కూర్చున్న చోట మేలు బాగా కనబడింది. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని సిఫారసు చేసింది.

అంకెలు చదివి నేను కాసేపు అలాగే కూర్చున్నాను. మా మూడు మెట్లు గుర్తొచ్చాయి. మేము చేసింది అదే. కాకపోతే మా దగ్గర బొమ్మల అట్టలు లేవు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మన పరిస్థితి ఆ పల్లెల పరిస్థితి కాదు. మన ఇళ్లలో కాన్పులన్నీ ఆసుపత్రుల్లోనే. 2018-20 లెక్కల ప్రకారం లక్ష కాన్పులకు తల్లుల మరణాలు దేశంలో 97 అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. గొప్ప సంగతి. ఆశా కార్యకర్తలూ ఏ.ఎన్.ఎం.లూ 108 బండ్లూ కలిసి సాధించినది. కానీ దిగులు తగ్గిందా? మన ఇళ్లలో ఇద్దరే ఉంటారు. అమ్మ ఒక ఊళ్లో, అత్తగారు ఒక ఊళ్లో, బదిలీ మీద మనం మరో ఊళ్లో, ఒక్కోసారి భర్త ఇంకో ఊళ్లో. మెట్ల మీద కూర్చునే పొరుగు అపార్టుమెంటులో లేదు. లిఫ్టులో కలిసినవాళ్లు "ఎన్నో నెల?" అని అడిగేలోపు అంతస్తు వచ్చేస్తుంది.

దిగులు లోపలే ఉంటే అన్నీ ఒకే సైజులో కనబడతాయి. కాళ్ల వాపూ భయమే, ఆసుపత్రి బిల్లూ భయమే, కదలిక తగ్గడమూ భయమే. అన్నింటినీ ఒకే మూట కట్టి, దాని మీద 'నా పిరికితనం' అని రాసుకుంటాం. నలుగురిలో చెప్పుకున్నప్పుడు ఆ మూట విడిపోయి మూడు కుప్పలవుతుంది.

మొదటి కుప్ప, అందరికీ ఉండేవి. నిద్ర పట్టకపోవడం, నడుంనొప్పి, ఏడుపు రావడం, చచ్చిపోతానేమో అనిపించడం. వీటికి 'నాకూ ఉంది' అన్న మాటే సగం మందు. అయితే ఆ ఏడుపు రోజుల తరబడి ఆగకపోతే, దేని మీదా ఆసక్తి లేకపోతే, అది డాక్టరుకు చెప్పాల్సిన సంగతే. టెలి మానస్ 14416 నంబరుకు రాత్రయినా పగలయినా ఫోను చేయవచ్చు.

రెండో కుప్ప, ఏర్పాటుతో పోయేవి. డబ్బు, బండి, రక్తం గ్రూపు, పెద్దబిడ్డను ఎవరు చూస్తారు, సెలవు. వీటికి ఓదార్పు కాదు, కాగితం మీద రాసుకున్న పేరూ ఫోను నంబరూ కావాలి. మన బ్యాంకుల్లో ఒక కాన్పుకు ఆరు నెలల వరకు ప్రసూతి సెలవు ఉంది. ముందుగా హెచ్.ఆర్.తో మాట్లాడి కాగితం పెట్టుకుంటే ఆ దిగులు అక్కడితో సరి.

మూడో కుప్ప, మాట్లాడుతూ కూర్చోకూడనివి. రక్తం కనబడటం, ఉమ్మనీరు పోవడం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం చేతులు వాయడం, జ్వరం, ఆగని కడుపునొప్పి, మూర్ఛ, బిడ్డ కదలిక రోజూ ఉండే తీరు కంటే తగ్గడం. నెలలు నిండితే కదలిక తగ్గడం మామూలే అన్న మాట తప్పు. ఆ తప్పు నమ్మినదాన్ని నేనే. వీటిలో ఏది వచ్చినా సలహాలు లేవు, పొద్దుటిదాకా ఆగడం లేదు. వెంటనే ఆసుపత్రి. బండి లేకపోతే 108.

బ్యాంకువాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, 90 రోజులు దాటి ఖాతా ఎన్.పి.ఎ. అయ్యేదాకా మనం చూస్తూ కూర్చోము. వాయిదా దాటిన నాటి నుంచే ఎస్.ఎం.ఎ. అని పేరు పెట్టి ఫోన్లు మొదలుపెడతాం. ట్రాక్టరు లోను మీద చూపించే ఆ శ్రద్ధ మన పక్క సీటులోని మనిషి మీద చూపించమంటున్నాను.

నలుగురు కూర్చుంటే నష్టం కూడా ఉంటుంది, అదీ చెప్పాలి. నా బ్రాంచిలోనే ఒకావిడ భోజనాల దగ్గర తన ఆపరేషన్ కథ అంత వివరంగా చెప్పింది, పక్కనున్న తొలిచూలు అమ్మాయి అన్నం వదిలేసి లేచిపోయింది. ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందనీ, చివరి నెలల్లో తక్కువ తింటే కాన్పు తేలికనీ చెప్పేవాళ్లు చదువుకున్నవాళ్లలోనూ ఉన్నారు. రెండూ అబద్ధాలే. రెండూ హాని చేసేవే. తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పాక, ఆపరేషన్ అనగానే అనుమానమూ పెరిగింది. అనవసరమైనవి జరగకూడదన్నది నిజమే. కానీ అవసరమైనప్పుడు అదే నా బిడ్డను బతికించింది. 'ఎందుకు చేస్తున్నారు?' అని డాక్టరును అడిగే హక్కు మీకు ఉంది. అడగండి. మెట్ల మీద మాత్రం తీర్పు చెప్పకండి.

అందుకని మాటల కూడలికి మూడు కట్టుబాట్లు చెప్తాను. నాకు ఏం జరిగిందో చెప్పాలి గానీ నీకు ఏం జరుగుతుందో చెప్పకూడదు. మందుల గురించి సలహా ఇవ్వకూడదు. ఒకరు చెప్పుకున్నది ఆ మెట్లు దాటి పోకూడదు, ముఖ్యంగా బ్రాంచిలోకి రాకూడదు.

ఇక మగవాళ్లకు ఒక మాట. మీరు స్కానింగు రిపోర్టులు జాగ్రత్తగా ఫైలు చేస్తారు, నాకు తెలుసు. దానితో పాటు రోజూ ఒక్క ప్రశ్న అడగండి. "ఎలా ఉన్నావు?" అని కాదు. దానికి "బాగున్నాను" అన్న జవాబే వస్తుంది. "ఈవేళ బిడ్డ కదిలిందా? ఎప్పుడు?" అని అడగండి. అర్ధరాత్రి లేపితే విసుక్కోనని ముందుగానే మాట ఇవ్వండి. మా వదిన గారి తొలి బిడ్డ దక్కకపోవడానికి కారణం ఆ ఒక్క మొహమాటమే అని నేను చెప్పలేను. కానీ ఆ రాత్రి ఎవరినైనా లేపే చొరవ ఆవిడకు ఉండి ఉంటే ఇన్నేళ్లూ ఆ ప్రశ్న ఆవిణ్ణి వేధించేది కాదు.

అత్తగార్లకూ అమ్మలకూ ఒక విన్నపం. "మేం కనలేదా?" అనకండి. మీరు కన్నారు. ఎవరూ అడగకపోయినా కన్నారు. అందుకే మీరు అడగండి.

బ్రాంచి మేనేజర్లకు చివరి మాట. నేనూ మేనేజరునే కాబట్టి చొరవగా చెప్తున్నాను. ఎనిమిదో నెల మనిషిని క్లోజింగు రోజున రాత్రి దాకా కూర్చోబెట్టింది నా మేనేజరు కాదు. "వెళ్లమ్మా" అని ఆయన రెండుసార్లు అన్నారు. కూర్చున్నది నేనే, చేతకానిదాన్ని అనుకుంటారేమో అని. కాబట్టి రెండుసార్లు అనడం చాలదు. మూడోసారి సిస్టమ్ లాగౌట్ చేయించి పంపండి. ఆ మనిషి మధ్యాహ్నం భోజనం చేసిందో లేదో చూడండి. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి. మన కాంట్రాక్టు స్వీపరు అమ్మాయికీ, సెక్యూరిటీ గార్డు భార్యకూ ఆ సంగతి చెప్పండి. ఆ రోజు ఒక పూట వెసులుబాటు ఇవ్వండి. వాళ్లకు మనలా ఆరు నెలల సెలవు సులభంగా దొరకదు.

వదిన గారికి ఆ డిసెంబరులో కొడుకు పుట్టాడు. చివరి రోజుల్లో నేను అక్కడ లేను, విజయవాడలో ఉన్నాను. కానీ ప్రతి సాయంత్రం ఆరున్నరకు ఫోను చేసి అదే ప్రశ్న అడిగాను. ఒక్క రోజు మానలేదు. ఆవిడకు నేను తీర్చుకోగలిగిన బాకీ అంతకంటే ఏముంది?

బయట టీ బల్ల దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టాను. ఈ జోనులో ఇప్పుడు నెలలు నిండుతున్న ఉద్యోగినులు, ఉద్యోగుల భార్యలు ఇష్టమైతే తమ పేరు, ఊరు, ఎన్నో నెలో రాయండి. కాన్పయి ఏడాది లోపువాళ్లూ రాయండి, మీ జ్ఞాపకాలు ఇంకా పచ్చిగా ఉంటాయి. దగ్గర దగ్గర ఊళ్లవాళ్లను ముగ్గురేసి చొప్పున కలుపుతాను. నెలకోసారి ఒకచోట కూర్చోండి. రోజూ సాయంత్రం ఒక్క ఫోను చేసుకోండి. ఖర్చు లేదు, సర్క్యులర్ అక్కర్లేదు, పైవాళ్ల అనుమతీ అక్కర్లేదు.

మూడో వరుసలోని అమ్మాయిలూ, ఇందాకటి నుంచి మీ ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. నా ప్రసంగం సరిగ్గా వినలేదని నాకు తెలుసు. దానికంటే నాకు కావలసింది లేదు. కానివ్వండి. అడగాల్సిన ప్రశ్న మాత్రం మరచిపోకండి.

సెలవు.